బెంగకి పని చెప్పండి

ఊరు గుర్తొస్తోందని చెబితే చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఒక్కటే: పనిలో పడిపో, అదే పోతుంది. పోదు. పనిలో పడితే పగలు కనపడకుండా ఉంటుంది, రాత్రి దీపం ఆర్పగానే వచ్చి పక్కన కూర్చుంటుంది. కోనసీమ లంకలో పుట్టి, ఏళ్ల తరబడి బహ్రెయిన్‌లో బతుకుతున్న మనిషిగా చెబుతున్నాను. ఈ బెంగ పోదు, పోగొట్టుకోవాలని చూడటం కూడా అనవసరం. ఏ పనీ చెప్పకుండా ఖాళీగా వదిలేస్తేనే అది మనిషిని తింటుంది. పని చెబితే మనిషిని నిలబెడుతుంది.

లంకవాళ్ల సంగతి కాస్త వేరు. గట్టు మీది ఊరివాడికి ఊరంటే కదలనిది. మాకు అలా కాదు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ ఒండ్రు మేట వేస్తుంది. దాని మీద గడ్డి మొలుస్తుంది. ఆ తర్వాత మనిషి దిగి కూరగాయలు పెడతాడు, అరటి పెడతాడు, కొబ్బరి నాటి ఇల్లు కట్టుకుంటాడు. అదీ లంక. పెట్టిన నదే ఒకవైపు నుంచి కోసుకుంటూ పోతుంది, ఇంకోవైపు ఇసుక పోస్తుంది. మా తాత నాటిన తోటలో ఏటివైపు వరసలు ఇప్పుడు లేవు. కాగితం మీద ఆ భూమి మా పేరునే ఉంది, నేల మాత్రం నీళ్ల కింద ఉంది. అంటే నేను ఇక్కడ కూర్చుని ఏ ఊరి కోసం కుమిలిపోతున్నానో, ఆ ఊరు నేను బయల్దేరిన రోజు ఉన్న ఆకారంలో కూడా లేదు. ఈ మాట మనసుకు పట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. పట్టాక చాలా మారింది.

దూరం కూడా మాకు రెండింతలు. విమానం దిగి, రైలు దిగి, రావులపాలెం మీదుగా వచ్చి ఏటిగట్టు ఎక్కాక కూడా ఊరు ఇంకా అవతలే ఉంటుంది. పాయ దాటాలి. పి.గన్నవరం మండలంలో గంటి పెదపూడి లంక, అరిగెలవారిపేట, బూరుగులంక, ఊడిమూడిలంక వాళ్లని అడగండి. ఏళ్ల తరబడి వాళ్లకి వరదతో ఎర్రనీరు రాగానే మట్టిబాట కొట్టుకుపోవడం, పడవే దిక్కవడం మామూలే. కనకాయలంక కాజ్‌వే మునిగినా అంతే. జులై వచ్చిందంటే గల్ఫ్‌లో ఉన్న లంకవాళ్లందరి ఫోన్లలోనూ అవే అంకెలు తిరుగుతాయి. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75. పైన వచ్చిన నీరు మా గుమ్మానికి చేరేలోపు మాకు దొరికే సమయం ఎంతో మనసులోనే లెక్కలు వేసుకుంటాం.

2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అక్కడ అంత ఎత్తు చూడటం అదే. ధవళేశ్వరం నుంచి వదిలింది 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రుళ్లు ఇక్కడ మనామాలో మా గదిలో నేను దుప్పటి కప్పుకుని ఫోన్ చూస్తూ ఉండేవాణ్ణి. పక్క మంచం మీద ఉండే తమ్ముడిది ధర్మపురి దగ్గరి ఊరు. గోదావరి ముందు వాళ్లని పలకరించి తర్వాత మా దగ్గరికి వస్తుంది. "అన్నా, మా దగ్గర తగ్గుతుందట, మీ దగ్గర కూడా తగ్గుతది" అని అర్ధరాత్రి లేచి చెప్పేవాడు. అతని మాటకి కళ్లనీళ్లు ఆగేవి కావు. అమ్మ ఫోన్ ఎత్తితే గొంతు తెలిసిపోతుందని కాసేపు ఆగి, నీళ్లు తాగి మాట్లాడేవాణ్ణి. ఇళ్లలోకి నీరొచ్చిన మనుషులు అక్కడ ధైర్యంగా ఉన్నారు. పొడి నేల మీద ఉన్న నేను ఇక్కడ వణికిపోయాను. ఎందుకో ఆలోచించండి. వాళ్ల చేతుల్లో పని ఉంది. పశువుల్ని గట్టెక్కించాలి, బియ్యం అటకెక్కించాలి, ముసలివాళ్లని పడవెక్కించాలి. నా చేతుల్లో ఫోన్ తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఊరి మీద ప్రేమ ఉందని చెప్పుకునే మనలో ఎక్కువమంది చేస్తున్నదేమిటి? రాత్రి పూట కొబ్బరితోటల వీడియోలు చూసి నిట్టూర్చడం. పులస గురించి, ఆత్రేయపురం పూతరేకుల గురించి, ప్రభల తీర్థం గురించి పదిమందిలో గొప్పగా చెప్పడం. ఊరి వాట్సాప్ గ్రూపులో పార్టీల పేరు చెప్పి కొట్టుకోవడం. గుడి ముఖద్వారం మీద పేరు చెక్కిస్తారంటే చందా పంపడం. రేవులో మెట్లు విరిగి ఆడవాళ్లు బురదలో దిగుతున్నారన్న సంగతి మాత్రం ఆ చందా పంపినవాడికి తెలియదు, అడగడు కూడా. ఇందులో ప్రేమ ఎంత, మన మీద మనకున్న జాలి ఎంత? ఊరిని తలచుకుని కన్నీళ్లు పెట్టుకోవడం తేలిక. ఊరి గురించి ఇవాళ్టి విషయం ఒక్కటి చెప్పమంటే నోరు పెగలదు. ఈ వారం ఏరు దాటించే పంటు ఏ రేవు నుంచి నడుస్తోంది? మీ వీధి చివర ఇంట్లో ఇప్పుడెవరుంటున్నారు? మీరు చదివిన బడిలో ఎంతమంది పిల్లలు మిగిలారు? తెలియకపోతే, మీరు ప్రేమిస్తున్నది మీ చిన్నతనాన్ని. ఊరిని కాదు.

కోపం వచ్చిందా? రానివ్వండి. నాకూ వచ్చింది, ఒక పెద్దాయన ఈ మాటే నాతో అన్నప్పుడు.

బెంగ జబ్బు కాదన్న సంగతి ముందు తెలుసుకోండి. 1688లో హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి, ఇంటికి దూరమైనవాళ్లు తిండి మాని, నిద్ర మాని చిక్కిపోవడాన్ని ఒక జబ్బుగా లెక్కగట్టి సిద్ధాంత వ్యాసం రాశాడు. తర్వాత చాలాకాలం లోకం అలాగే నమ్మింది. ఈమధ్య ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో దీని మీదే పనిచేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్తలు వేరే మాట చెబుతున్నారు. గతాన్ని ప్రేమగా తలచుకోవడం వల్ల ఒంటరితనం తగ్గుతుందనీ, నావాళ్లు ఉన్నారన్న భావం గట్టిపడుతుందనీ వాళ్ల పరిశోధనల సారం. అమెరికాలో పెన్నెబేకర్ అనే ఆయన 1980లలో ఇంకోటి చూశాడు. మనసులో బరువుగా ఉన్నదాన్ని వరసగా కొన్ని రోజులు, రోజుకి ఓ పావుగంట కాగితం మీద పెట్టినవాళ్లు తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గిందట. ఇవన్నీ నేను పుస్తకాల ద్వారా తెలుసుకున్నది తర్వాత. ముందు చేతికి దొరికింది ఒక నోటు పుస్తకం.

నేను దాన్ని శుక్రవారం పేజీ అంటాను. బహ్రెయిన్‌లో శుక్రవారం సెలవు. వారానికి ఒక్క మనిషికి ఫోన్ చేయాలి, ఊరి గురించి ఒక్క ప్రశ్న అడగాలి, వచ్చిన జవాబుని ఒక్క పేజీ రాయాలి. అంతే. ఇంత చిన్నదా అనకండి. నా స్వభావాన్ని, నా నిద్రని, మా అమ్మతో నా మాటల్ని మార్చింది ఇదే. మిగతా సలహాలు ఎన్ని వదిలేసినా దీన్ని మాత్రం వదలకండి.

ఎలా చేయాలో వివరంగా చెబుతాను. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండయితే ఊళ్లో రెండున్నర. భోజనాలు అయిపోయి, అరుగు మీద నడుం వాల్చే వేళ. అప్పుడు చేయండి. పొద్దున చేస్తే తోటల్లో ఉంటారు, రాత్రి చేస్తే టీవీ ముందు ఉంటారు. ప్రశ్న ముందే రాసుకోండి. "అంతా బాగున్నారా" అని అడిగితే "ఆయ్, బాగానే ఉన్నావండి" అంటారు, అక్కడితో మాట చచ్చిపోతుంది. బాగానే ఉంది అన్న జవాబుకి వీల్లేని ప్రశ్న అడగండి. గతం గురించి కాకుండా ఇప్పటి గురించి మొదలుపెట్టండి, వాళ్లే గతంలోకి తీసుకెళ్తారు. ఎప్పుడూ మీ ఇంటికే చేయకండి. పడవ నడిపే ఆయనకి, బడి మాస్టారికి, కొబ్బరి దింపు తీసే అన్నకి, అంగన్‌వాడీ అక్కకి చేయండి. నంబరు లేకపోతే అమ్మని అడిగి తీసుకోండి. మొదటిసారి వాళ్లు కంగారు పడతారు. గల్ఫ్ నుంచి ఫోనంటే ఎవరికో ఏదో అయిందనుకుంటారు. రెండోసారికి తేలికపడతారు. మూడోసారికి వాళ్లే చెప్పాల్సినవి దాచి ఉంచుతారు.

నేను మొదట మా మావయ్యని అడిగింది రేవు గురించి. పంటు ఎక్కడి నుంచి నడుస్తోంది మావయ్యా అన్నాను. అరగంట చెప్పాడు. పాత రేవుకి ఎదురుగా ఇసుకతిన్నె లేచిందట, వేసవిలో పడవ తగులుతోందట, అందుకని పైకి వెళ్లి చుట్టు తిరిగి వస్తున్నారట. గట్టు కోత ఆపడానికి ఎగువన గ్రోయిన్లు కట్టాక ప్రవాహం పక్కకి తిరిగిందని ఒకరంటే, కాదు ఇసుక తవ్వకాల వల్లేనని ఇంకొకరంటున్నారట. "ఎవరి మాట నిజమంటావు" అని నన్నే అడిగాడు. ఇంతకాలం నన్ను తిన్నావా, డబ్బు పంపావా అని తప్ప ఏదీ అడగని మనిషి, ఊరి విషయంలో నా అభిప్రాయం అడిగాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను. ఊరు నన్ను ఇంకా మనిషిగా లెక్కలో ఉంచుకుందని అనిపించింది.

మా పెద్దమ్మని వరద గురించి అడిగాను. భయమేసిందా అని కాదు. "పెద్దమ్మా, నీరొస్తోందంటే అటక మీద ముందు ఏది పెడతావు?" అన్నాను. "ముందు పొలం కాగితాలు నాన్నా, తర్వాత విత్తనాలు, ఆపైన బియ్యం, పొయ్యి. కోళ్లగంప చివర. మనుషులు ఎలాగోలా ఎక్కుతారు" అంది. ఆ వరసని అలాగే రాసుకున్నాను. ఆలోచించే కొద్దీ అర్థమైంది. నేల నీళ్లపాలవుతుందేమో తెలియని చోట ముందు కాగితం దాచాలి. నీళ్లు తీశాక బతుకు మొదలుపెట్టాలంటే విత్తనం కావాలి. ఆకలి ఆ తర్వాత. ఆమె బడికి వెళ్లలేదు. విపత్తు నిర్వహణ మీద ఏ పుస్తకమూ నాకు నేర్పనిది ఒక్క జవాబులో నేర్పింది. అంతకుముందు ఆమె అంటే నాకు ప్రేమే. ఆ రోజు నుంచి గౌరవం కూడా.

దింపు తీసే అన్నని అడిగిన పేజీ చదివితే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. చెట్టెక్కే మనుషులు తగ్గిపోయారన్నాడు. కొడుకులు ఇద్దరూ హైదరాబాదులో ఉన్నారట, ఆ పని వాళ్లొద్దన్నారు, నేనూ వద్దన్నాను అన్నాడు. అంబాజీపేట మార్కెట్లో కాయ ధర పడిపోయిన నెలల్లో రైతు దింపు కూలికి వెనకాడతాడు, ధర బాగున్నప్పుడు మనిషి దొరకడు. "96 తుఫానులో పడిపోయిన తోటలు చూశాక కూడా మళ్లీ చెట్టెక్కాను, ఇప్పుడు మోకాళ్లే పడిపోయాయి" అన్నాడు. 1996 నవంబరు 6న వచ్చిన ఆ తుఫాను కోనసీమ కొబ్బరిని ఎలా నేలకూల్చిందో మా తరానికి కథగా తెలుసు. ఆయనకి ఒంటితో తెలుసు. గట్టు మీద కూర్చుని కొబ్బరాకుల గలగల గురించి తీయగా రాసుకునే నాకు, ఆ చెట్టు మీద ఒక మనిషి మోకాళ్లు అరిగిపోయాయన్న ఊహే ఉండేది కాదు.

పేజీ చేత్తో రాయండి. ఫోన్‌లో రాస్తే అదే ఫోన్‌లోకి వీడియో వస్తుంది, మీరు మళ్లీ నిట్టూర్పుల్లోకి జారతారు. తేదీ వేయండి, ఎవరు చెప్పారో రాయండి. వాళ్ల మాటని వాళ్ల మాటగానే పెట్టండి, మీ భాషలోకి దిద్దకండి. మీకెలా అనిపించిందో చివర రెండు వాక్యాలు చాలు. పేజీ అడుగున వచ్చే వారం అడగాల్సిన ప్రశ్న రాసి పెట్టండి. ఇది చాలా ముఖ్యం. ఆ ప్రశ్న ఉంటే వారమంతా బెంగకి ఒక దారి ఉంటుంది. సోమవారం రాత్రి ఊరు గుర్తొచ్చి గుండె పట్టేసినప్పుడు, శుక్రవారం ఎవరిని ఏం అడగాలో ఆలోచిస్తాను. ఏడుపు పూర్తిగా ఆగదు. కానీ ఏడుపుతోనే ఆగిపోను.

రాసింది ఎవరికీ పంపకండి, ఎక్కడా పెట్టకండి. నమ్మి చెప్పిన మాటలు అవి. ఆస్తి తగాదాలు, పెళ్లి సంబంధాలు, ఎవరింట్లో ఎవరికి పడటం లేదన్న కబుర్లు అడగకండి. చెబితే వినండి, రాయకండి.

బాధపెట్టే జవాబులు వస్తాయి. తప్పించుకోలేరు. నా చిన్ననాటి స్నేహితుడి ఇల్లు కోతలో పోయిందని ఒక శుక్రవారం తెలిసింది. నేను సున్నం వేసిన గోడ, నేను ఈత నేర్చుకుని తడిబట్టలు ఆరేసిన పెరడు. ఆ వారం పేజీలో ఒక్క వాక్యమే ఉంది. తర్వాతి వారం అతనికే ఫోన్ చేశాను. గట్టు మీద అద్దెకుంటున్నాడు. ఇల్లు పోయిన విషయం నాకెందుకు చెప్పలేదురా అంటే, "అంత దూరంలో ఉన్నావు, తెలిస్తే నిద్రపోవని చెప్పలేదు" అన్నాడు. ఇల్లు పోయినవాడు నా నిద్ర గురించి ఆలోచించాడు. అప్పటిదాకా మేము పండగకి ఫొటోలు పంపుకునే స్నేహితులం. ఇప్పుడు కష్టం చెప్పుకునే స్నేహితులం.

అన్నిటికన్నా పెద్ద మార్పు మా అమ్మలో. ఇదివరకు మా మాటలు తిన్నావా, తిన్నాను, నువ్వు తిన్నావా దగ్గర మొదలై అక్కడే ముగిసేవి. ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం బాధ దాచుకునేవాళ్లం. ఇప్పుడు అమ్మకి నా ప్రశ్నలు తెలుసు. శుక్రవారానికి ముందే రేవు దాకా నడిచి వెళ్లి చూసి వస్తుంది. కొత్తగా మేట వేసిన చోట ఎవరు బీర పెట్టారో, వంగ పెట్టారో కనుక్కుంటుంది. ఒంటరిగా గదిలో కూర్చుని నా ఫోన్ కోసం ఎదురుచూసిన మనిషి, నాకు చెప్పడం కోసం ఊరు తిరుగుతోంది. ఆమె మోకాళ్ల నొప్పులకి డాక్టరు నడవమని ఎంతకాలంగా చెబుతున్నా నడవలేదు. దూరాన ఉన్న బిడ్డలు తల్లిదండ్రులకి డబ్బు పంపుతారు, మందులు పంపుతారు. వాళ్లకి కావలసింది ఒక అవసరం. నీకు మాత్రమే తెలిసిన సంగతి నాకు కావాలమ్మా అని అడిగించుకోవడం కన్నా పెద్ద మందు లేదు.

తిరిగి వెళ్లిపోవాలా వద్దా అన్న ప్రశ్న మనందరినీ పీడిస్తుంది. నన్నూ పీడిస్తోంది. ఈ నోటు పుస్తకం అందుకు కూడా పనికొస్తుంది. సంక్రాంతి వారంలో ఊరు చూసి నిర్ణయం తీసుకోకండి. వరద నెలల పేజీలు, ధర పడిపోయిన నెలల పేజీలు, బడిలో పిల్లలు తగ్గిన పేజీ, అన్నీ ఎదురుగా పెట్టుకోండి. ఏ పనికి మనుషులు కరువయ్యారో, ఏ పంటకి రావులపాలెంలో గిరాకీ ఉందో, వానాకాలంలో జ్వరం వస్తే పాయ ఎలా దాటాలో మీ చేతిరాతలోనే ఉంటుంది. అది చదివాక కూడా వెళ్లాలనిపిస్తే ధైర్యంగా వెళ్లండి. వద్దనిపిస్తే సిగ్గుపడకండి. ఉన్నది తెలిసి ప్రేమించేవాడు ఎక్కడున్నా ఊరివాడే.

మిగతావి త్వరగా చెబుతాను. రాత్రి పడుకునే ముందు ఊరి వీడియోలు చూడకండి. వారానికి మూడు రోజులైనా నడవండి, ఎండాకాలంలో తెల్లవారకముందే. మీ భాష మాట్లాడేవాళ్లతో పాటు వేరే భాషవాళ్లలో ఒక్క స్నేహితుణ్ణి సంపాదించండి. అప్పు చేసి ఊళ్లో గొప్ప చూపించకండి. తాగి ఊరికి ఫోన్ చేయకండి. వారానికోసారి స్వయంగా వండుకోండి. మరీ భారంగా ఉండి, వారాల తరబడి నిద్ర లేక, బతుకు మీద విసుగు పుడితే మాత్రం నా పేజీ చాలదు. డాక్టరుని కలవండి, అందులో చిన్నతనం లేదు.

ఇంకొక మాట దగ్గర కాస్త ఆగాలి. మీరు ఉంటున్న నేలని కూడా తెలుసుకోండి. నేను చాలాకాలం బహ్రెయిన్‌ని జీతం ఇచ్చే చోటుగానే చూశాను. ఇది కూడా ద్వీపమేనన్న సంగతి కళ్లముందే ఉన్నా మనసుకి తట్టలేదు. మా లంకల్ని వరద ముంచెత్తిన ఆ 1986లోనే ఈ దీవికీ సౌదీకీ మధ్య 25 కిలోమీటర్ల వారధి తెరుచుకుంది. అంతకుముందు వీళ్లకీ అవతలికి వెళ్లాలంటే పడవో విమానమో దిక్కు. ముహర్రఖ్ పాత వీధుల్లో నడిస్తే ముత్యాల వ్యాపారుల ఇళ్లు కనిపిస్తాయి. ఆ ముత్యాల వారసత్వాన్ని యునెస్కో 2012లో గుర్తించింది. వేసవి నెలలన్నీ ఇక్కడి మగవాళ్లు ముత్యాల కోసం సముద్రం మీదే గడిపేవారు. ఆడవాళ్లు ఒడ్డున ఎదురుచూసేవారు. పడవల్లో ఉన్నవాళ్లు సముద్రం అడుగున ఊరే మంచినీటి ఊటల నుంచి తాగునీరు పట్టుకునేవారు. జపాన్ పెంపకపు ముత్యాలు బజారుని ముంచేశాక, 1932లో చమురు దొరికాక ఆ బతుకు మారిపోయింది. ఇప్పుడు సముద్రాన్ని పూడ్చి దీవిని పెంచుకుంటున్నారు. ఒక ముసలి బహ్రెయినీ కాపలాదారుతో వచ్చీరాని అరబ్బీలో మాట్లాడుతూ మా లంకని నది తింటోందని చెప్పాను. ఆయన చేయి చాచి ఎత్తైన భవనాల వైపు చూపించి, తన చిన్నప్పుడు అదంతా నీళ్లేనని, తాను అక్కడే చేపలు పట్టేవాణ్ణనీ చెప్పాడు. ఆయనకి నేల పెరిగింది, మాకు తరిగింది. ఇద్దరికీ చిన్నప్పటి ఒడ్డు పోయింది. ఆ రోజు తర్వాత ఇక్కడ నేను పరాయివాణ్ణన్న బాధ సగం తగ్గింది.

నేను ఇంతసేపు మందలించిన మాటలు అందరికీ వర్తించవు. మా కోనసీమ నుంచీ, కడప నుంచీ గల్ఫ్ ఇళ్లలో పనికొచ్చిన అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. కొందరికి సెలవు దినం లేదు, ఫోన్ చేతిలో ఉండే వేళ వాళ్లది కాదు. అమ్మా, మీకు పేజీ రాయడం కుదరకపోతే దిగులు పడకండి. ఫోన్ దొరికిన ఆ కాసేపట్లో ఒక్క ప్రశ్న అడగండి చాలు. పాపకి జడ ఎవరు వేస్తున్నారు, ఏ దారిన బడికి వెళ్తోంది, దారిలో ఎవరిల్లు వస్తుంది. ఆ దారిని మనసులో ఉంచుకుంటే వంటగదిలో నిలబడి కూడా పాప వెంట నడవచ్చు. మీ చుట్టూ అలాంటి అక్క ఉంటే, ఆమె తరఫున ఊరికి ఫోన్ చేసి ఆ జవాబు తెచ్చి ఇవ్వండి. పెద్ద సంఘాలూ సభలూ అక్కర్లేదు, ఇదే సేవ.

ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే వయసులో పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. 1986 నాటికి పాతికేళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటేశారు. వాయిదా వేసే హక్కు మనకి లేదు. మా ఊళ్లో ఆ వరద రాత్రి నాటుపడవ మీద జనాన్ని గట్టుకి చేర్చిన పెద్దాయన ఒకరున్నారు. నీళ్లు ముందు ఏ వైపు నుంచి వచ్చాయి, చీకట్లో దారి ఎలా పోల్చుకున్నారు, ఎవరిని ముందు ఎక్కించారు, ఎందుకు, ఇవి వచ్చే శుక్రవారం ఆయన్ని అడగాలి. ఆయనకి ఇప్పుడు సరిగా వినపడటం లేదు. మనవరాలు పక్కనే కూర్చుని ఒక్కో ప్రశ్నా చెవి దగ్గర గట్టిగా చెబుతానని ఒప్పుకుంది. తనకీ ఈ సంగతులేవీ తెలియవట, తనూ ఒక పుస్తకం కొనుక్కుందట.